ఎనిమిదో క్లిక్కుకీ తొమ్మిదో క్లిక్కుకీ మధ్య: చేతి గ్రైండర్ మార్చిన నా అనుభవం

ఈరోజు పొద్దున తీసిన ఎస్ప్రెస్సో: 16 గ్రాముల గింజలకు కప్పులో 32 గ్రాముల కాఫీ, 28 సెకన్లు. నిన్న 27. మొన్న 28. మూడు రోజులు వరసగా ఇలా వచ్చేదాకా ఇది రాయకూడదని ఆగాను. ఇక్కడిదాకా రావడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. కాఫీ గింజలు పొడి చేసే కొత్త చేతి గ్రైండర్ ఎంచుకోవడానికి పట్టింది వారమే. మిగతా కాలమంతా ఒక సర్వీస్ కౌంటర్ తినేసింది.

మేం ఉండేది బెంగళూరు మహదేవపురలో. ఇంట్లో అందరిదీ ఫిల్టర్ కాఫీయే, నేనొక్కణ్ణే రెండేళ్ళ క్రితం ఎస్ప్రెస్సోలో, అంటే మెత్తటి పొడిలోంచి మిషన్ ఒత్తిడితో వేడి నీళ్ళు తోసి తీసే చిక్కటి కాఫీలో, పడ్డాను. చిన్న మిషన్, 51 మిల్లీమీటర్ల బాస్కెట్ (పొడి వేసే బెజ్జాల గిన్నె). మిషన్‌తో పాటు వచ్చేది రెండు గోడల బాస్కెట్. దాని అడుగున సూదిమొనంత బెజ్జం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒత్తిడి అదే పుట్టిస్తుంది. పొడి ఎలా ఉన్నా పైన నురగ వస్తుంది. ఆరు నెలల తర్వాత ఒకే గోడ ఉన్న బాస్కెట్ కొన్నాను. ఇందులో నీళ్ళను ఆపేది అదిమిన పొడి బిళ్ళ ఒక్కటే. పొడి కాస్త బరకైతే నీళ్ళు దూసుకుపోతాయి, కాస్త మెత్తనైతే చుక్క కూడా దిగదు. అప్పటిదాకా మంచిదనుకున్న గ్రైండర్ అసలు సంగతి ఆ రోజు బయటపడింది.

క్లిక్కు అంటే పొడి ఎంత మెత్తగా రావాలో పెట్టుకునే మెట్టు, అంకె తగ్గేకొద్దీ పొడి మెత్తన. పాత గ్రైండర్‌లో తొమ్మిదో క్లిక్కు దగ్గర పెడితే 32 గ్రాములు 14 సెకన్లలో దిగిపోయేది. పుల్లగా, పల్చగా. ఎనిమిదో క్లిక్కుకు తిప్పితే నిమిషమైనా పది గ్రాములు దిగేది కాదు, దిగింది విషంలా చేదు. నాకు కావాల్సిన కాఫీ ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది. గ్రైండర్‌లో ఆ మధ్య అనేదే లేదు.

కొన్నాళ్ళు పొడి బరువు మార్చి నెట్టుకొచ్చాను. తొమ్మిదో క్లిక్కులోనే 17 గ్రాములు వేస్తే 20 సెకన్ల దాకా లాగొచ్చు. డబ్బులు పెట్టలేనివాళ్ళకు ఈ మార్గం పనికొస్తుంది, తప్పేం లేదు. కానీ బాస్కెట్‌లో పట్టేది ఇంతేనని ఒక హద్దు ఉంటుంది కదా.

ఒక ఆదివారం కొలతలు తీసే వెర్నియర్ తీసుకుని కూర్చున్నాను. సర్దుబాటు నట్టును ఐదు చుట్లు తిప్పితే ఐదు మిల్లీమీటర్లు జరిగింది. అంటే చుట్టుకు ఒక మిల్లీమీటరు. చుట్టుకు 12 క్లిక్కులు. ఒక్కో క్లిక్కుకు లోపలి బర్ దాదాపు 83 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కదులుతోంది. బర్లు అంటే తిరగలి రాళ్ళలాంటివే, ఉక్కువి. శంకువు ఆకారం కాబట్టి పైకి కిందికి కదిలినంతా వాటి మధ్య సందు మారదు, వాలు వల్ల అంతకన్నా తక్కువే మారుతుంది. అయినా ఎస్ప్రెస్సోకు అది చాలా పెద్ద అడుగు. నీళ్ళు వాటి బరువుతో అవే దిగే ఫిల్టర్‌కు ఈ తేడా పట్టదు. 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, మిషన్ తోసే చోట పట్టి తీరుతుంది.

కొనబోయేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. "ఎస్ప్రెస్సో అంత మెత్తగా వస్తుంది" అన్న మాట చూసి కొనకండి. మెత్తగా నా పాతదీ వచ్చేది. క్లిక్కుకు ఎన్ని మైక్రాన్లో అడగండి. అది రాయకపోతే మర చుట్టుకు ఎంత జరుగుతుందో, చుట్టుకు ఎన్ని క్లిక్కులో అడిగి మీరే భాగించుకోండి. కమాండాంటే (Comandante) సి40 అనే చేతి గ్రైండర్ ఉన్నవాళ్ళు రెడ్ క్లిక్స్ అనే ఇరుసు తెప్పించుకుని వేసుకునేది ఇందుకే. క్లిక్కుకు 30 మైక్రాన్లు ఉన్నది 15 అవుతుంది. నా పాతదానికి అలాంటి విడిభాగం లేదు కాబట్టి గ్రైండరే మార్చాల్సి వచ్చింది.

ఇందిరానగర్‌లో ఒక షాపుకు వెళ్ళి ఈ మైక్రాన్ల లెక్క అడిగితే, అతను "చేతి గ్రైండర్‌తో ఎస్ప్రెస్సో అవదు సార్" అని 45 వేల ఎలక్ట్రిక్‌ది చూపించాడు. అవుతుంది. రోజూ తాగుతున్నాను. చుట్టుకు అర మిల్లీమీటరు, 40 క్లిక్కులు, అంటే క్లిక్కుకు 12.5 మైక్రాన్లు ఉన్నదాన్ని వేరేచోట 14 వేలకు ఆర్డర్ పెట్టాను. నాలుగు రోజుల్లో వచ్చింది. పాత రెండు క్లిక్కుల మధ్య ఇప్పుడు ఆరేడు మెట్లు.

మొదటి రోజు నాలుగో షాట్‌కే (ఒకసారి తీసే కాఫీని షాట్ అంటారు) 26 సెకన్లు. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. చిక్‌మగళూరు గింజలు, ఎస్795 అనే రకం. బెల్లం పాకం వాసన.

మర్నాడు అదే క్లిక్కు, అవే గింజలు, అదే బరువు. 17 సెకన్లు. వెంటనే ఇంకొకటి తీశాను, 38. ఇంకొకటి, 22.

ముందు నా చేతినే అనుమానించాను. సన్న సూదులతో పొడి ఉండలు విడదీయడం మొదలుపెట్టాను. ఈ పద్ధతి జాన్ వైస్ అనే ఆయన 2005లో చెప్పింది, ఇప్పుడు అందరూ చేస్తున్నారు. గింజల మీద ఒక్క చుక్క నీళ్ళు వేసి కలిపి ఆడించాను, పొడి గ్రైండర్ గోడలకు అంటుకోకుండా ఉండటానికి. పొడిని అదిమే ట్యాంపర్ వాలకుండా అద్దంలో చూసుకుంటూ నొక్కాను. వేయించిన తేదీ చూసి పది రోజులు ఆగిన గింజలే వాడాను. అన్నీ నోట్‌బుక్‌లో రాశాను: తేదీ, క్లిక్కు, బరువు, సెకన్లు. మూడు వారాల్లో 61 షాట్లు. ఒకే క్లిక్కులో 15 నుంచి 41 సెకన్ల దాకా ఉన్నాయి. చెయ్యి ఎంత వణికినా అంత తేడా రాదు.

ఆ నోట్‌బుక్ పట్టుకుని సర్వీస్ కౌంటర్‌కు వెళ్ళాను. ఊరికి ఆ చివర. వెళ్ళడానికే గంటా నలభై నిమిషాలు.

కౌంటర్‌లో కుర్రాడు గ్రైండర్ తీసుకుని, గింజలు వేయకుండానే హ్యాండిల్ పది చుట్లు తిప్పాడు. "బాగానే తిరుగుతోంది కదా సార్" అన్నాడు. తిరగడం లేదని నేను చెప్పలేదు. నోట్‌బుక్ తెరిచి చూపించాను. చూడలేదు. రెండోసారి గింజలు, త్రాసు కూడా తీసుకెళ్ళాను. అక్కడ మిషన్ ఖాళీ లేదన్నారు. మేనేజర్ శనివారం ఉంటాడు, అప్పుడు రమ్మన్నారు.

శనివారం వెళ్ళాను. నా వెనక నలుగురు ఉన్నారు, అందులో ఒకాయన నా ఆఫీసులోనే పనిచేస్తాడు, ముఖ పరిచయం. మేనేజర్ నోట్‌బుక్ తీసుకుని రెండు పేజీలు తిప్పాడు. తర్వాత అది మూసి, కౌంటర్ మీద నా వైపు జరిపి, అందరికీ వినబడేలా అన్నాడు: "సార్, ఎస్ప్రెస్సో అందరికీ రాదు. మా దగ్గర రెండు రోజుల క్లాస్ ఉంది, ఎనిమిది వేలు. అది చేసి రండి, తప్పు గ్రైండర్‌దో మీ చేతిదో మీకే తెలుస్తుంది."

వెనక ఎవరో నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. జవాబు చెప్పాలని నోరు తెరిచాను, మాట రాలేదు. గ్రైండర్ సంచిలో పెట్టుకుని బయటికొచ్చి బస్‌స్టాప్‌లో అరగంట అలాగే నిలబడ్డాను. పదహారేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, నలుగురిలో నన్నెవరూ అలా చిన్నబుచ్చలేదు. దేశంలో పండే కాఫీలో 70 శాతం దాకా కర్ణాటకదే. కాఫీ బోర్డు ఆఫీసు ఈ ఊళ్ళోనే అంబేద్కర్ వీధిలో ఉంది. అలాంటి ఊళ్ళో గ్రైండర్లు అమ్ముకునే మనిషి, కస్టమర్ మూడు వారాలు కూర్చుని రాసిన అంకెలు ఒక్క నిమిషం చదవలేడా? అమ్మే వస్తువు గురించి తెలియకపోతే తప్పు కాదు. తెలియదని ఒప్పుకోకుండా ఎదుటివాడి చేతిని తప్పు పట్టడం తప్పు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వంటింట్లో లైటు తీసేసి, గ్రైండర్ చెవి దగ్గర పెట్టుకుని, క్లిక్కు క్లిక్కు బిగిస్తూ హ్యాండిల్ మెల్లగా తిప్పాను. సున్నాకు, అంటే రెండు బర్లూ ఒకదానికొకటి తగిలే చోటుకు, దగ్గరయ్యేసరికి చర్ర్ మని చప్పుడు. చుట్టంతా కాదు, చుట్టుకు ఒక్కసారి, ఒకేచోట. పొడి పడే గిన్నె విప్పి ఫోన్ టార్చ్‌తో కింద నుంచి చూశాను. హ్యాండిల్ పక్కకు నెడితే లోపలి బర్ కూడా పక్కకు ఒరుగుతోంది. ఒకవైపు సందు సన్నబడి, ఎదుటివైపు వెడల్పవుతోంది. వదిలితే మళ్ళీ మధ్యకు వస్తోంది.

మా నాయనమ్మ తిరగలి గుర్తొచ్చింది. మధ్య మేకు వదులైతే పై రాయి ఊగుతుంది. అప్పుడు ఒకవైపు కందులు పిండి అవుతాయి, ఇంకోవైపు గింజకు గింజ జారిపోతుంది. నా గ్రైండర్‌లో జరుగుతున్నది సరిగ్గా అదే. ఇరుసును పట్టుకునే కింది బేరింగ్ వదులుగా ఉంది. హ్యాండిల్‌ను నేను ఎటు ఎంత నెడుతూ తిప్పితే అటు పొడి మారుతోంది. అలాంటప్పుడు 12.5 మైక్రాన్ల క్లిక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

విప్పితే వారంటీ పోతుందని కార్డు మీద రాసి ఉంది. పోతే పోయిందనుకున్నాను. ఆ కౌంటర్‌కు మళ్ళీ వెళ్ళే ప్రశ్నే లేదు.

సోమవారం సెలవు పెట్టి, కొత్త బేరింగ్ కోసం మెట్రోలో మెజెస్టిక్ దాకా, అక్కడ మారి మార్కెట్ స్టేషన్‌లో దిగి, విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకు నడిచాను. మూడు షాపుల్లో ఒక్క బేరింగ్ అమ్మం అన్నారు. నాలుగోది సన్నటి సందులో ఉంది, ఒక మనిషి పట్టేంత చోటు. గల్లాలో ఉన్న పెద్దాయన నేను ఫోన్లో మాట్లాడటం విని తెలుగులోనే పలకరించారు. ఆయనది హిందూపురం.

"ఏ మిషన్‌ది నాయనా?"

"కాఫీ గింజలు ఆడించేదండీ, చేత్తో తిప్పేది."

"విసుర్రాయి మాదిరి?"

"సరిగ్గా అదేనండీ."

ఆయన కళ్ళజోడు పైకి జరిపి ఇరుసును బొటనవేలితో అటూ ఇటూ నెట్టి చూశారు. నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. "బేరింగ్ కూర్చోలేదు. వంకరగా దిగ్గొట్టినారు, గోళీలు అరిగినాయి లోపల" అన్నారు. మూడుసార్లు కౌంటర్‌కు తిరిగినా ఎవరూ చెప్పని మాట.

బేరింగ్ అంచు మీద నంబర్ చెక్కి ఉంటుంది, అది చాలు దొరకడానికి. ఉదాహరణకు 608 అంటే బెజ్జం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. నాది దానికన్నా చిన్నది. పాతదాని నంబర్ చివర జెడ్‌జెడ్ అని ఉంది, అంటే రెండు పక్కలా రేకు మూతలు. "పొడిలో తిరిగేది గదా, టూ ఆర్‌ఎస్ పెట్టుకో" అని రెండు పక్కలా రబ్బరు మూతలున్నది తీశారు. బయటి అంచుకు సరిపడే సాకెట్ వెతికి, చిన్న వైస్‌లో పెట్టి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ దింపారు. "లోపలి రింగు మీద నొక్కితే గోళీలు దెబ్బతింటాయి. గూట్లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాల" అని చెబుతూనే ఉన్నారు. చివర్లో టక్కుమని చిన్న శబ్దం. హ్యాండిల్ నా చేతికిచ్చి "ఇప్పుడు తిప్పు" అన్నారు. పక్కకు నెట్టాను. కదలలేదు.

బేరింగ్ 110, కూలీ 40. మొత్తం 150 రూపాయలు.

ఇంటికొచ్చి సున్నా మళ్ళీ పెట్టుకున్నాను. విప్పి బిగించిన ప్రతిసారీ సున్నా జరుగుతుంది, ఇది మర్చిపోవద్దు. ఎవరో చెప్పిన క్లిక్కు నంబర్ మీ గ్రైండర్‌కు పనికిరాకపోవడానికి సగం కారణం ఇదే. బర్లను నీళ్ళతో కడగొద్దు, బ్రష్ చాలు. కొత్తది చేతికి రాగానే గిన్నె విప్పి, ఇరుసు పక్కకు ఒరుగుతోందేమో నెట్టి చూడండి. వాపసు ఇచ్చే గడువులోపల చూడండి. నేను చూసుకోలేదు.

ఇప్పుడు కొత్త గింజల ప్యాకెట్ విప్పితే రెండో షాట్‌కు కుదురుతోంది. మొన్న అరకు గింజలు పెట్టాను. మొదటిది 21 సెకన్లు, రెండు క్లిక్కులు బిగిస్తే 28. వాన పడిన రోజు ఒక క్లిక్కు అటూ ఇటూ అవుతోంది, అంతే. ఎలక్ట్రిక్ గ్రైండర్ ఉన్న మా ఫ్రెండ్ ఒకతను ఆదివారం వచ్చి తాగి, పొడి చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది ఎక్కడ కొన్నావని అడిగాడు.

పాత గ్రైండర్ అమ్మకు ఇస్తున్నాను, ఫిల్టర్‌కు అది బంగారం. ఇచ్చేముందు పదమూడో క్లిక్కులో పెట్టి, పదిసార్లు నింపి, పావుకిలో పొడి ఆడించాను. శనివారం ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్ళాను. చికోరీ కలపలేదండీ అని ముందే చెప్పాను. పెద్దాయన మూత తీసి వాసన చూసి, మళ్ళీ గట్టిగా బిగించి, గ్రీజు డబ్బాల పక్క నుంచి జరిపి, దేవుడి పటం కింద అరలో పెట్టుకున్నారు.