ఒకే పేజీలో ఇరుగుపొరుగు

ఈరోజు సెలవు. చదువుతున్న వ్యాసంలో ‘మస్లిన్’ అనే మాట తగిలింది. సన్నని నూలు బట్ట అని తెలుసు కానీ, ఆ పేరు ఎక్కడిదో చూద్దామని లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు దించాను. ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరు మీద వచ్చిందట. పని అయిపోయింది. కానీ చూపు పైమాటల మీదికి పాకింది. మధ్యాహ్నమంతా ఆ పేజీలోనే గడిచింది.

మస్లిన్‌కు కాస్త పైన మస్కెట్, పాతకాలపు తుపాకి. దాని మూలం ఇటాలియన్‌లో ఈగ! ఈగ పేరు మొదట ఒక రకం బాణానికి వచ్చింది, బాణం పోయి తుపాకి వచ్చాక దానికీ అంటుకుంది. ఆ పైనే మస్క్, అంటే కస్తూరి. పర్షియన్ మీదుగా ఇంగ్లీషులోకి చేరిన ఈ మాట వెనుక మన సంస్కృత ‘ముష్కం’ ఉందంటారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు పట్టి ఉంచింది మజిల్. కండరం. లాటిన్‌లో ‘ముస్కులుస్’ అంటే చిట్టెలుక. చేయి మడిచి, చాచి చూసుకున్నాను. నిజమే, చర్మం కింద ఏదో చిన్న ప్రాణి అటూ ఇటూ పరుగెత్తినట్టే ఉంది. మన మూషికం, లాటిన్ ‘మూస్’, ఇంగ్లీషు మౌస్ అన్నీ ఒకే వంశం. మస్లిన్ కిందనే ఉన్న మసెల్, అంటే ఆల్చిప్ప, అదీ ఈ చిట్టెలుక సంతానమే. అక్కాచెల్లెళ్ల మధ్య ఇన్ని పరాయి మాటలు వచ్చి కూర్చున్నాయి.

దీనికి తలకిందుల సంగతీ ఉంది. మ్యూజిక్, మ్యూజియం రెండూ గ్రీకుల కళాదేవతలైన మ్యూజ్‌ల పేరు నుంచి పుట్టాయి. అదే అక్షరాలతో ఉన్న మరో మ్యూజ్, ఆలోచనలో మునగడం అనే క్రియ, పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దేవతలతో దానికి చుట్టరికం లేదు. మస్ట్ కూడా అంతే. ‘తప్పనిసరి’ అనే మస్ట్ అచ్చ ఇంగ్లీషుది. కొత్త ద్రాక్షరసం అనే మస్ట్ లాటిన్‌ది. ఆ రసంలో ఆవాలు నూరి కలిపేవారు కాబట్టే ఆవాలకు మస్టర్డ్ అనే పేరు వచ్చింది.

మన అమరకోశంలో ఇలా జరగదు. అక్కడ మాటలు వర్గాలుగా ఉంటాయి, దేవతల పేర్లు ఒకచోట, చెట్ల పేర్లు ఒకచోట. పక్కనున్నది దాదాపు ఎప్పుడూ అయినవాళ్లే. అక్షరక్రమం అలా కాదు, అది ఎవరి కులగోత్రాలూ అడగదు. 1604లో రాబర్ట్ కాడ్రీ ఇంగ్లీషు నిఘంటువు వేసినప్పుడు, మాట ‘ఎ’తో మొదలైతే పుస్తకం మొదట్లో వెతకండి అని పాఠకులకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. అప్పటి మామూలు పాఠకులకు ఆ క్రమం అంత కొత్త. నాకైతే ఆ క్రమమే ఇష్టం. ఫోనులో వెతికితే అడిగిన మాట ఒక్కటే వస్తుంది, ఈగా ఎలుకా రావు.

పేజీ తిప్పితే మ్యూటేట్, మ్యూట్, మ్యూటినీ. మొదటిది మారడం, రెండోది మూగ, మూడోది తిరుగుబాటు. వీటిలో ఎవరు ఎవరికి చుట్టమో రేపు చూడాలి.