మీ ఇల్లు ఏ చెరువు కింద?

మండే ఎండల్లో, మే నెలలో, వరద ముప్పు లెక్కగట్టడానికి ఊళ్లు తిరుగుతున్నామంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. చేతిలో ఎనిమిది పేజీల ఫారం, పక్కన కారు నడుపుతూ మా సీనియర్. ఆయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం.

తిన్నగా ఊరికి పోకుండా అన్న ముందు ఉస్మానియా ఆసుపత్రి దగ్గర కారాపాడు. ఆవరణలోని చింతచెట్టు చూపించాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ఆ చెట్టెక్కి బతికారని చెబుతారు. పోయినవాళ్లు 15,000 మంది ఉంటారని అంచనా. ఆ కథ హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. నాకు తెలియంది అన్న కారెక్కాక చెప్పాడు. అప్పట్లో మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయట. అందులో 182 మూసీలో కలిసే ఈసీ నది వైపువే. లెక్క తీసింది విశ్వేశ్వరయ్య. తర్వాతే మూసీకి అడ్డంగా 1920లో గండిపేట, ఈసీకి అడ్డంగా 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మనం వాటిని మంచినీళ్ల చెరువులనుకుంటాం గానీ, కట్టింది ముందుగా వరద ఆపడానికే.

చేవెళ్ల దాటి షాబాద్ వైపు తిరిగాక ఒక ఊరి చెరువు దగ్గర ఆగాం. కట్ట మీద నీరటి తాత కూర్చున్నాడు, చెరువు నీళ్లు చూసుకునేవాడు.

"వానలప్పుడు రాకుండ ఎండలల్ల వచ్చిన్రేంది బిడ్డా?"

"నీళ్లుంటే కట్ట లోపలివైపు కనబడదు కదా తాతా" అన్నాడు అన్న.

చెరువులో నీళ్లు అడుగంటాయి. అయినా తూము పక్కన, కట్ట బయటివైపు, ఒక చాపంత మేర గడ్డి పచ్చగా ఉంది. చుట్టూ అంతా ఎండిపోయి అక్కడొక్కచోటే పచ్చగా ఉంటే లోపల ఊట ఉన్నట్టే. కట్ట పొడవునా సర్కారు తుమ్మ పెరిగింది. చెట్టు చస్తే వేరు కుళ్లిపోతుంది, వేరున్న చోట బుంగ మిగులుతుంది.

అసలు సంగతి మత్తడి దగ్గరుంది, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. దాని మీద చినిగిన ఇసుక సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. చేపలు కొట్టుకపోవద్దని పోయినేడు పెట్టారట, తీసినవాళ్లు లేరు. అడుగు ఎత్తు పెరిగిన మత్తడి అంటే కట్ట అంచుకు అడుగు దగ్గరైన నీళ్లు. మట్టికట్ట మీంచి ఒకసారి నీళ్లు పొర్లాయంటే ఇక గండి పడటమే. చేపల మీద బతికేవాళ్లను తప్పుపట్టాలనిపించలేదు, కానీ సంచుల వైపు చూస్తే మాత్రం టెన్షన్ వచ్చింది.

ఫారంలో "గత 10 ఏళ్లలో వరద" అనే గడి ఉంది. తాత లేదన్నాడు. నేను "లేదు" మీద టిక్ పెట్టబోతుంటే అన్న పెన్ను పట్టుకున్నాడు. "తెగలేదు అన్నంత మాత్రాన తెగదని కాదు. కింద ఏమున్నాయో చూడు" అన్నాడు. కింద బడి ఉంది, ఇరవై ఇళ్లున్నాయి, వాగు మీద ఎత్తు తక్కువ వంతెన ఉంది. ఆ వంతెనకు నీళ్లెంత లోతో చెప్పే గుర్తు కర్ర కూడా లేదు. ఇంకా కిందికి పోతే ఇంకో చెరువు.

"ఇది తెగితే దానికి నీళ్లు ఆగయి, అదీ తెగుతది. గొలుసు కదా" అన్నాడు తాత.

సంచుల గురించి రాయడానికి ఫారంలో గడి లేదు. పేజీ తిప్పి వెనక రాశాను.

బయల్దేరుతుంటే తాత అడిగాడు: "పట్నంల మీ ఇల్లు ఏ చెరువు కింద బిడ్డా?"

మా అపార్ట్‌మెంట్ ఏ చెరువు కిందా లేదన్నాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు. దారిలో నాకూ అనుమానం మొదలైంది. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగినప్పుడు, అక్కడివాళ్లలోనూ ఎంతమందికి తెలుసో పైన ఏముందో.

రాత్రి ఇంటికొచ్చి వాచ్‌మన్‌ని అడిగాను, ఇక్కడ దగ్గర్లో చెరువేమైనా ఉండేదా అని. ఆయన గేటు వైపు కాదు, మా సెల్లార్ ర్యాంపు వైపు చెయ్యి చూపించాడు.

"దాని అలుగు నీళ్లు ఇట్నుంచే పోయేటియి సార్."