టర్నిప్ టౌన్‌షెండ్: పదవి వదిలాక ఎనిమిదేళ్ల సేద్యం

బ్రిటన్ చరిత్రలో పేరున్న చార్లెస్ టౌన్‌షెండ్‌లలో ఇద్దరు తాతామనవళ్లు. 1767లో అమెరికా వలసలకు వచ్చే టీ, గాజు, కాగితం మీద సుంకాలు వేసిన ఆర్థికమంత్రి వీళ్లలో మనవడు. మనకు కావలసింది టర్నిప్ టౌన్‌షెండ్ అని పేరుపడ్డ తాత. 1674లో పుట్టి, పదమూడేళ్లకే తండ్రి పోయి రెండో వైకౌంట్ (ఒక ప్రభువుల బిరుదు) అయినవాడు.

ఈయన బావమరిది, బ్రిటన్ తొలి ప్రధానిగా లెక్కించే రాబర్ట్ వాల్పోల్. విదేశాంగం ఈయనది, ఖజానా ఆయనది. 1721 నుంచి ప్రభుత్వాన్ని ఇద్దరూ కలిసే నడిపారు. మొదట్లో టౌన్‌షెండ్‌ది పైచేయి, పోనుపోను వాల్పోల్‌ది అయింది. 1725లో ఆస్ట్రియాకు ఎదురుగా ఫ్రాన్స్, ప్రష్యాలతో హానోవర్ ఒప్పందం కుదిర్చింది టౌన్‌షెండే. ఆస్ట్రియాతో ఈ పంతం ఖర్చు తప్ప లాభం కాదని వాల్పోల్ లెక్క. 1730లో టౌన్‌షెండ్ రాజీనామా చేసి నార్ఫోక్‌లోని రేన్‌హమ్ ఎస్టేటుకు వెళ్లిపోయాడు. ప్రతిపక్షంలో చేరి బావమరిదిని సాధించే పని పెట్టుకోలేదు. అది చిన్న విషయం కాదు.

టర్నిప్ గడ్డను ఇంగ్లండ్‌కు తెచ్చింది ఈయనే అన్న మాట మాత్రం తప్పు. ఈయన పుట్టకముందే అక్కడ పశువుల మేతకు దాన్ని వేస్తున్నారు. ఈయన పట్టుదలగా చేసి, నలుగురి నోట పడేలా చేసింది పంటల వరుసను. గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ అనే పశుగ్రాసం, మళ్లీ గోధుమ. పొలాన్ని ఏడాదిపాటు బీడు పెట్టే అవసరం దీంతో తప్పింది.

కీలకం టర్నిప్ ఏడాదే. మొలకలు ఒత్తుగా వస్తే గడ్డ ఊరదు. చేతిపారలతో పలచన చేస్తూ కలుపు కూడా లాగేయాలి, అంటే బీడు దున్నితే పోయే కలుపు పంట ఉండగానే పోతుంది. చలికాలంలో తడికలు కట్టి, గొర్రెల మందను రోజుకో ముక్క చొప్పున జరుపుతూ చేలోనే మేపాలి. పెంట, మూత్రం అక్కడే పడతాయి, డెక్కల తొక్కిడికి తేలికపాటి ఇసుక నేల గట్టిపడుతుంది. ఆ బలంతో బార్లీ. బార్లీలోనే క్లోవర్ గింజ చల్లితే, కోత అయ్యాక అది లేస్తుంది. దాని వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి గోధుమకు దాచిపెడతాయి. నత్రజని సంగతి అప్పటివాళ్లకు తెలియదు, పంట పెరగడం మాత్రం కళ్లారా చూశారు. పులుపు (ఆమ్లం) ఎక్కిన ఇసుక నేలకు ముందుగా సున్నపు బంకమన్ను తోలాలి. దాన్ని మార్ల్ అంటారు.

చెడేది ఎక్కడంటే, రెండాకుల దశలో గెంతే చిన్న పెంకుపురుగులు టర్నిప్‌ను రాత్రికి రాత్రే తినేస్తాయి, మళ్లీ విత్తడమే. తొందరపడి ఒకే చేలో మాటిమాటికీ వేస్తే వేళ్లు ఉబ్బి కుళ్లుతాయి. క్లోవర్ కూడా అంతే, నేల దానికి మొహం మొత్తుతుంది. తడి క్లోవర్ ఆబగా మేసిన పశువుకు కడుపు ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. బరువైన బంకనేలలో చలికాలం మందను తోలితే అంతా బురద తొక్కుడే.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఉమ్మడి పొలాలు. కోత కాగానే ఊరి పశువులన్నీ మేతకు దిగే చోట, చలికాలం దాకా టర్నిప్ నిలవదు. కంచె వేసుకున్న చేలోనే ఈ వరుస సాగుతుంది, కంచె వేసుకునే స్తోమత ఎక్కువగా ఎస్టేటు యజమానులకే ఉండేది.