మైపాడు నుంచి ఇస్కపల్లి దాకా: ఏ జీవిని ఏ కోవలో వేయాలి

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. పడవలు తెల్లారేసరికి ఒడ్డుకొస్తాయి. ఎండెక్కితే సరుకంతా ఐసు పెట్టెల్లోకి పోతుంది కాబట్టి, దొరికిన జీవుల్ని గుర్తుపట్టి వర్గీకరించే పని మీద చీకటితోనే బయల్దేరాం. వెంట పది రెట్లు చూపే చేతి భూతద్దం, పట్టకారు, తెల్ల ట్రే, 95 శాతం ఆల్కహాల్ పోసిన సీసాలు, పెన్సిల్, మందం కాగితం చీటీలు. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలియని నమూనా ఎంత అరుదైనదైనా దండగే. నమూనాలు నిలవుంచే ఇంకో ద్రవం, ఫార్మలిన్, తీసుకెళ్లలేదు. అందులో ఆకారం బాగానే నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది.

ఒడ్డున గంపల్లో వర్గీకరణ అప్పటికే అయిపోయి ఉంటుంది, ధరను బట్టి. వంజరం ఒకచోట, చందువ ఒకచోట, ఎవరికీ అక్కర్లేనిది ఇసక మీద. మనకు కావాల్సింది ఎవరికి ఎవరు చుట్టమో. అందుకు రంగు, సైజు, బతికే చోటు ముందు పక్కన పెట్టాలి.

నీలిపీతలే తీసుకోండి. మగది నీలం, ఆడది మట్టి కలిసిన ఆకుపచ్చ. కొత్తవాళ్లు వీటిని రెండు జాతులుగా రాసేస్తుంటారు. వెల్లకిలా తిప్పి పొట్ట కింది మడత చూస్తే తేలిపోతుంది: మగదానికి సన్నగా, కోసుగా ఉంటుంది, ఆడదానికి వెడల్పుగా ఉంటుంది. పాత పుస్తకాలు దీన్ని పోర్టునస్ పెలాజికస్ అంటాయి. 2010లో ఆ ఒక్క జాతినే నాలుగుగా విడదీశారు. బంగాళాఖాతంలోది ఇప్పుడు పోర్టునస్ రెటిక్యులేటస్.

వలలో పాములాంటిది కనబడితే మాత్రం చెయ్యి పెట్టొద్దు. మొప్ప చీలిక, వీపు పొడవునా రెక్క ఉంటే అది చేపే. ఒళ్లంతా పొలుసులుండి, మొప్ప లేకుండా, తోక తెడ్డులా చదునుగా ఉంటే సముద్రపు పాము. విషం గట్టిది. చచ్చినట్టు పడున్నా కర్రతోనే జరపాలి.

రొయ్యల దగ్గర ఎక్కువ సేపు కూర్చున్నాం. పోల్చడానికి నెల్లూరు మార్కెట్లో స్కాంపి, అంటే మంచినీటి రొయ్య, ఒకటి ముందే కొనుంచాం. సముద్రపు టైగర్ రొయ్యని, దాన్ని ట్రేలో పక్కపక్కన పడుకోబెట్టి పొట్ట కణుపుల పక్కన వేలాడే పెంకులు చూడాలి. టైగర్‌కి ఇంటి కప్పు పెంకుల్లా వరసగా, ముందు కణుపుది వెనక కణుపు పెంకు మీదికి వస్తుంది. స్కాంపికి రెండో కణుపు పెంకు మొదటి దాన్నీ, మూడో దాన్నీ రెంటినీ కప్పేస్తుంది. కాళ్లు కూడా లెక్కపెట్టండి: టైగర్‌కి ముందు మూడు జతలకి కత్తెరలు, స్కాంపికి రెండు జతలకే. టైగర్ గుడ్లు నీళ్లలో వదిలేస్తుంది, స్కాంపి పొట్ట కింద మోస్తుంది. ఇన్ని తేడాలు కలిసి ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టే ఇవి వేర్వేరు కొమ్మలని నమ్మొచ్చు. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెబితే బోల్తా పడతాం. తల మీది ముల్లుకున్న పళ్లు చాలామంది లెక్కపెడతారు. టైగర్‌కి పైన ఆరు నుంచి ఎనిమిది, కింద రెండు నుంచి నాలుగు. ముల్లు కొస విరిగిన రొయ్యలో ఆ లెక్క పనికిరాదు, విరిగినవేమో గంపకి నాలుగైనా ఉంటాయి.

ఒడ్డుకి లాగిన పడవ అడుగున తెల్లటి గట్టి గుల్లలు అతుక్కుని ఉన్నాయి. వాటిని బార్నకిల్స్ అంటారు. చూస్తే నత్తగుల్లల చుట్టాల్లా ఉంటాయి. జంతుశాస్త్రవేత్త క్యూవియే కూడా అలాగే అనుకుని మొలస్కాలో, అంటే నత్తల తెగలో, వేశాడు. 1830లో వాన్ థాంప్సన్ వాటి పిల్లల్ని పెంచి చూశాకే అవి రొయ్యలు, పీతల తెగైన క్రస్టేషియన్లని తేలింది. గుడ్డులోంచి వచ్చేది నాప్లీ అనే పిల్లరూపం! హేచరీల్లో పనిచేసేవాళ్లకి ఆ మాట కొత్తగా చెప్పక్కర్లేదు, టైగర్ రొయ్య గుడ్డులోంచి వచ్చేదీ అదే. పెద్దయ్యాక ఒకటి ఈదుతుంది, ఇంకోటి నెత్తిని చెక్కకి అంటించుకుని కాళ్లతో మేత తోడుకుంటుంది. డార్విన్ 1846 నుంచి 1854 దాకా వీటి మీదే కూర్చున్నాడు.

వెనక్కి నెల్లూరొచ్చి, పెన్న దాటి కోవూరు మీదుగా అల్లూరు వైపు వెళ్లాం. దారిలో వన్నామీ రొయ్యల్ని పెంచే గుంటలు. 1931లో పీనియస్ వన్నామై అని పేరు పెట్టారు, 1997లో లిటోపీనియస్ అన్నారు, తర్వాత చాలామంది మళ్లీ పీనియస్‌కే వచ్చారు. కాగితాల్లో రెండు పేర్లూ కనబడితే రెండు రకాలనుకోవద్దు.

గుంట గట్టు మీద ఈ లెక్కలు డబ్బుతో ముడిపడతాయి. రొయ్యలకి జబ్బు తెచ్చే మూడింటిని చూడండి. వైట్ స్పాట్ వైరస్, అది జంతువులు, మొక్కలు, శిలీంధ్రాల్లాంటి పెద్ద విభాగాల్లో (వీటినే రాజ్యాలంటారు) దేంట్లోనూ రాదు. విబ్రియో బ్యాక్టీరియా. ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ, మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మ పరాన్నజీవుల్లో ఒకటి. మైక్రోస్పోరిడియాని ఒకప్పుడు ప్రోటోజోవా అనే ఏకకణ జీవుల్లో వేశారు, డీఎన్‌ఏ చూశాక శిలీంధ్రాల పక్కకి చేర్చారు. రొయ్య ఎదగట్లేదని యాంటీబయాటిక్ కలపడం ఎందుకు దండగో ఇక్కడే తెలుస్తుంది: ఆ మందు బ్యాక్టీరియాకి తప్ప మిగతా రెంటికీ పనిచేయదు, పైగా ఎగుమతి సరుకులో అవశేషం దొరికితే తిప్పిపంపేస్తారు. ముందు పీసీఆర్, అంటే డీఎన్‌ఏని బట్టి జబ్బు కారకాన్ని పట్టే పరీక్ష, చేయించాలి. ఈహెచ్‌పీ వచ్చిన గుంటని ఎండగట్టి, హెక్టారుకి ఆరు టన్నుల కాల్చిన సున్నం 10-12 సెంటీమీటర్ల లోతున దున్ని కలిపి, తడిపి, వారం ఆరనివ్వాలి. మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కితేనే ఆ బీజాలు చస్తాయి. సున్నం పాతబడి గాలికి సత్తువ పోయినదైతే ఎంత పోసినా అంతదాకా ఎక్కదు.

ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లోకి అడిగే దిగాలి, గట్లు తొక్కితే తెగుతాయి. నీళ్లు చిక్కబడిన కయ్యలు గులాబీ రంగు తిరుగుతాయి. ఆ రంగులో రెండు దూరపు తెగలున్నాయి. ఒకటి డునాలియెల్లా, నాచు. రెండోది హాలోబ్యాక్టీరియం, పేరులో బ్యాక్టీరియా ఉన్నా అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే తెగ. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ పోల్చి ఆర్కియాని వేరు చేశారు, 1990లో రాజ్యాల పైన మూడు డొమైన్ల లెక్క వచ్చింది. సూక్ష్మదర్శినిలో ఆర్కియాకీ బ్యాక్టీరియాకీ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. నమూనాని ఆ కయ్య నీళ్లలోనే సీసాకెత్తాలి. ట్యాంకు నీళ్లతో పలచన చేస్తే హాలోబ్యాక్టీరియం కణాలు పగిలిపోతాయి, ఇంటికొచ్చి స్లైడు పెడితే అందులో చూడ్డానికేం ఉండదు.