ఇటుక అనే మాట చుట్టూ

శనివారం, రాత్రి.

ఈ రోజంతా బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరే రాతలతోనే గడిచింది. ఆయన పేరెత్తగానే ‘బ్యాంకు చదువు’ అనే పోలిక ముందుకొస్తుంది: గురువు జమ చేస్తాడు, శిష్యుడు దాచుకుంటాడు. ఆ పోలిక మీద చర్చకు కొదవ లేదు. వయోజనుల రాత్రి బడిలో మొదటి గంట ఏం చెయ్యాలో ఆయన వివరంగా రాసిన పుటల జోలికి మాత్రం ఎవరూ అంతగా పోరు. నాకు అసలు ఫ్రెయిరే అక్కడే కనిపిస్తాడు.

పొద్దున్న పది బొమ్మల దగ్గరే ఆగిపోయాను. 1960ల మొదట్లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో ఆయన బృందం అక్షరం ముట్టుకోక ముందు ఈ బొమ్మలు చూపించేది. వేసింది ఆ ప్రాంతంలోని రెసీఫే నగరపు చిత్రకారుడు ఫ్రాన్సిస్కో బ్రెన్నాండ్. మొదటి బొమ్మలో మనిషి, ఇల్లు, బావి, చెట్టు. బావి ఎవరు తవ్వారు? ఎందుకు? దేనితో? మరి చెట్టునెవరు చేశారు? ఈ ప్రశ్నలతోనే ప్రకృతి ఒక పక్కకీ, మనిషి చేసినది మరో పక్కకీ విడిపోతాయి. తర్వాత ముగ్గురు వేటగాళ్లు: విల్లు పట్టినవాడు, తుపాకీ పట్టినవాడు, పిల్లి. పిల్లి వేటాడుతుంది గానీ పనిముట్టు చెయ్యదు. కుండ చేసేవాడి బొమ్మ దాకా వచ్చేసరికి, సంస్కృతి అంటే చదువుకున్నవాళ్ల సొత్తు కాదనీ తమ చేతులు రోజూ చేసేదేననీ కూలివాళ్లే చెప్పేవారు. పుస్తకాలు రాసే డాక్టరుకున్నంత విలువ చెప్పులు కుట్టే తనకీ ఉందని ఒకతను అన్నాడట. అధికారం గురించి ఫ్రెయిరే రాసిన సిద్ధాంతమంతా నాకు ఆ ఒక్క మాటలో దొరికింది.

మధ్యాహ్నమంతా మాటల ఎంపిక మీద కూర్చున్నాను. మాటల కోసం నిఘంటువు తెరవరు. ముందు ఆ పేటలో తిరిగి, జనం మాట్లాడుకునేది విని, రాసుకుంటారు. ఆ జాబితాను మూడు రకాలుగా వడపోస్తారు. మాటలో పోర్చుగీసు ధ్వనులు ఎన్ని ఉన్నాయి? పలకడంలో, రాయడంలో ఉన్న చిక్కులు తేలిక నుంచి కష్టానికి వరుసగా వస్తున్నాయా? ఆ మాట వాళ్ల బతుకుని ఎంత గట్టిగా తాకుతోంది? పదిహేను, పద్దెనిమిది మాటలతో ఆ భాష ధ్వనులన్నీ తేలిపోతాయి. రెసీఫేలోని కజుయేరో సెకో పేటకి ఎంచినవి చూడండి: ఇటుక, ఓటు, పీత, బూడిద, జబ్బు, వీధి కుళాయి, ఉద్యోగం, నేల... ఈ వరుస చదువుతుంటే ఆ పేట కళ్లకు కడుతుంది.

ఇటుకని పోర్చుగీసులో తిజోలో అంటారు. ఇల్లు కడుతున్న బొమ్మ ముందు చూపిస్తారు. మాట్లాడుకోవడం అయ్యాకే మాట, ఆ తర్వాత తి-జో-లో అని విడగొట్టిన చీటీ. అక్కడి నుంచి ఒక్కొక్క ముక్కకీ దాని అక్షరాల కుటుంబం: త తె తి తొ తు, జ జె జి జొ జు, ల లె లి లొ లు. చివరికి మూడూ ఒకే చీటీ మీద, ఒకదాని కింద ఒకటి. గుణింతం వల్లించినవాళ్లకి ఇది ఎంత సొంతంగా అనిపిస్తుందో! తేడా ఒక్కటే. గుణింతం ముందు వల్లిస్తాం, మాట తర్వాత వస్తుంది. అక్కడ మాట ముందు, గుణింతం దాని కడుపులోంచి. ఆ చీటీ మీది ముక్కలు కలిపి మొదటి రాత్రే లుత (పోరాటం), లోజ (దుకాణం) లాంటివి కూర్చేవారు. ఒకతను ‘తు జ లే’ అన్నాడట, ‘నువ్వు చదివేస్తున్నావు’ అని. వ్యాకరణం ప్రకారం ‘లేస్’ అనాలి. ఆ క్షణంలో సకారం దిద్దడానికి తొందరపడే పంతులు తరగతిని పోగొట్టుకుంటాడు. అలాగని ప్రామాణిక భాష అక్కర్లేదని ఫ్రెయిరే ఎన్నడూ అనలేదు. నీ భాషకి అందముందని ఒప్పుకుంటూనే ఆ రెండోది కూడా నేర్పాలనేది ఆయన వాదన. అది లేకపోతే పోరాటంలో చెయ్యి ఖాళీగా ఉంటుంది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా ఆయనే చెప్పాడు. బొమ్మ మరీ తేటగా ఉంటే ప్రచారపు పోస్టరు అవుతుంది, జనం తలూపి ఊరుకుంటారు. మరీ గూఢంగా ఉంటే పొడుపుకథ అయి కూర్చుంటుంది. సమన్వయకర్త (ఈ తరగతుల్లో ఉపాధ్యాయుడికి బదులు ఆయన వాడిన మాట) తనకి కావలసిన జవాబు వచ్చేదాకా ప్రశ్నిస్తూ పోతే అది ముసుగేసుకున్న ఉపన్యాసమే. అన్నిటికంటే పెద్ద తప్పు, సమయం చాలదని బొమ్మ మీద చర్చ మానేసి నేరుగా చీటీకి వెళ్లిపోవడం. నా దృష్టిలో ఆ చర్చే పద్ధతి. చీటీ దాని ఫలితం.

సాయంత్రం అంజీకోస్ లెక్కలు. 1963లో రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రంలోని ఆ చిన్న పట్టణంలో 300 మందికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే తరగతులు పెట్టారు. ఏప్రిల్ 2న చివరి తరగతికి అధ్యక్షుడు జొవాఁ గులార్ స్వయంగా వచ్చాడు. గంటల లెక్క చూసి ఆశ్చర్యపోయి ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది. అప్పటి బ్రెజిల్‌లో చదవడం రానివాళ్లకి ఓటు లేదు. 90,000 మంది ఓటర్లున్న సెర్జిపీ రాష్ట్రంలో ఈ పథకంతో మరో 80,000 మంది చేరతారని అంచనా. 1964లో దేశమంతటా ఇలాంటి 20,000 అభ్యాస బృందాలు పెట్టాలనుకున్నారు. ఏప్రిల్‌లో సైన్యం అధికారం పట్టుకుంది, కార్యక్రమం రద్దయింది, ఫ్రెయిరే సుమారు 70 రోజులు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత బొలీవియా, చిలీ, జెనీవా. సొంత దేశంలో మళ్లీ స్థిరపడింది 1980లో.

రాత్రి మనసు కలచింది మాత్రం మోబ్రల్. సైనిక ప్రభుత్వం 1967లో నెలకొల్పిన అక్షరాస్యతా సంస్థ అది. బొమ్మలు వాడింది, ఎంచిన మాటలు వాడింది, అక్షరాల కుటుంబాలూ వాడింది. ఆ ఇటుకతో కట్టిన ఇల్లు ఎవరిదన్న చర్చని మాత్రం పక్కన పెట్టింది. మాటల్ని కూడా పేటల్లో విని ఏరలేదు. దేశమంతటికీ ఒకే పుస్తకం కేంద్రం నుంచి వెళ్లేది. 1985లో దాన్ని మూసేశారు. చదవడం రాని బ్రెజిల్ పౌరులకి ఓటు వచ్చింది కూడా ఆ ఏడాదే.