వేడెక్కితేనే మొదలయ్యే మిస్సింగ్: మా పద్మిని మూడో సిలిండర్

జూన్ 8

నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని కారును నెల్లూరు నుంచి బెంగళూరుకు తెచ్చుకుని మూడు నెలలైంది. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక మూల దానిదే. పొద్దున్నే చోక్ లాగి స్టార్టు చేస్తే కుట్టుమిషనులా నడుస్తుంది. పది నిమిషాలు తిరిగి ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం గేరు కడ్డీ నుంచి సీటు దాకా వణుకు. సైలెన్సర్ చప్పుడులో మూడు దెబ్బలు సరిగ్గా పడి నాలుగోది మాయమవుతుంది. వేగం అందుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇలా ఒక సిలిండర్ మండకుండా తప్పిపోవడాన్నే మిస్సింగ్ అంటారు. ఇవాళ ఏ సిలిండర్ పని చేయడం లేదో తేల్చాను. వేడి ఇంజన్ ఐడిలింగ్‌లో (బండి కదలకుండా, నెమ్మదిగా తిరుగుతూ) ఉండగా, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాను. తీసిన వైరు కొసను ఇంజన్ ఇనుముకు ఆనించి ఉంచాలి, లేకపోతే ప్లగ్గులకు కరెంటు పుట్టించే కాయిల్ మీద భారం పడుతుంది. ఒకటి, రెండు, నాలుగు తీసినప్పుడు ఇంజన్ కూలబడింది. మూడోది తీస్తే ఏ మార్పూ లేదు.

జూన్ 15

మొదట నా అనుమానం ఊరి ఎత్తు మీదికి పోయింది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పలుచన కాబట్టి నెల్లూరులో సరిపోయిన కార్బురేటర్ (పెట్రోలును గాలిలో కలిపే భాగం) జెట్టు ఇక్కడ పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తున్నట్టే లెక్క. మూడో ప్లగ్గు మసిబారి ఉండటం చూసి అదే కారణమనుకున్నాను. కానీ నాలుగు సిలిండర్లకూ కార్బురేటర్ ఒక్కటే. పెట్రోలు ఎక్కువైతే నాలుగు ప్లగ్గులూ నల్లబడాలి. మిగతా మూడూ గోధుమరంగులో చక్కగా ఉన్నాయి.

అందుకని కార్బురేటర్ జోలికి పోకుండా మార్పిడి పద్ధతి పట్టాను. మూడో ప్లగ్గును ఒకటిలో బిగించాను, ఒకటోది మూడులో. మిస్సింగ్ మూడులోనే ఉంది. వైర్లు మార్చినా మూడులోనే. రాత్రి సెల్లార్ దీపాలు ఆర్పించి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నగా నీళ్లు చల్లి చూస్తే మెరుపు ఎక్కడా పాకలేదు, అంటే కరెంటు కారడం లేదు. దాని లోపల కరెంటును తెంచే పాయింట్ల సందును నాలుగు క్యామ్ ముక్కుల మీదా విడివిడిగా కొలిచాను: నాలుగు చోట్లా 0.45 మి.మీ.కు అటూ ఇటూగా వచ్చింది. షాఫ్టు బుష్ అరిగి ఉంటే ఈ నాలుగు కొలతలూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి. గాలీ పెట్రోలూ సిలిండర్లలోకి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డు అంచుల వెంట కార్బురేటర్ క్లీనర్ చల్లినా ఐడిలింగ్ మారలేదు, అంటే అక్కడ గాలి లీకు లేదు. జె.సి. రోడ్డులో కొత్త మూత, రోటర్, కండెన్సర్ తెచ్చి వేశాను. ఏమీ మారలేదు.

చివరగా కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, కొలిచాను. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, ఒక్కో సిలిండర్‌కు ఆరేడు చుట్లు తిప్పాను. ఒకటి నుంచి నాలుగు దాకా వరసగా వచ్చిన అంకెలు, పౌండ్లలో: 118, 120, 112, 119. మూడోది కొంచెం తక్కువైనా మిస్సింగ్‌కు అంత తేడా చాలదు. ఇంజన్ లోపల అంతా బాగానే ఉందని పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం నా వారం రోజులు తినేసింది.

జూన్ 22

జె.సి. రోడ్డులో పాత బండ్ల విడిభాగాలు అమ్మే పెద్దాయన ఒకరున్నారు, మదనపల్లె వైపు మనిషి. కాగితం మీద నా అంకెలు చూపిస్తే ఒక్కటే అడిగారు: "వేడి మీద కొలిచావా నాయనా?"

లేదు. చేతులు కాలతాయని పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొలిచాను. జబ్బేమో వేడిలో ఉంది.

ఇంటికి రాగానే, ఇంజన్ ఇంకా సలసలమంటూ ఉండగానే ప్లగ్గులు తీశాను. 124, 125, 72, 123. ఆ 72 చూసి కాసేపు సెల్లార్ నేల మీదే కూర్చుండిపోయాను. గేజ్ తప్పేమోనని మళ్లీ కొలిచాను. 71. ఇక్కడ గాలి పీడనమే తీరప్రాంతంతో పోలిస్తే దాదాపు పది శాతం తక్కువ, కాబట్టి ఈ అంకెలను పుస్తకంలోని కొలతతో పోల్చి కంగారుపడకూడదు. సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చుకుంటే చాలు.

మూడో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాను. పిస్టన్ రింగుల లోపమైతే ఆయిల్ ఆ సందును మూసి అంకె బాగా లేవాలి. 75 దగ్గరే ఆగింది. ఇక మిగిలినవి వాల్వులు (సిలిండర్ తలుపులు), హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్డు కింది సీలు).

జూన్ 29

ఇవాళ మూడు సాక్ష్యాలు దొరికాయి.

ఒకటి, ఇంజన్ పీల్పును పాదరసం అంగుళాల్లో కొలిచే వ్యాక్యూమ్ గేజ్. తీరప్రాంతంలో ఆరోగ్యమైన ఇంజన్ ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ఈ ఎత్తులో మూడు అంగుళాలు తగ్గించుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 16 మీద కదలకుండా నిలిచింది. వేడెక్కాక 15 నుంచి 12కు, లయ తప్పకుండా, కొట్టుకోవడం మొదలుపెట్టింది.

రెండు, కాగితం ముక్క. సైలెన్సర్ గొట్టం చివర పట్టుకుంటే బయటికి ఎగురుతూ ఎగురుతూ మధ్యలో ఒక్కసారి లోపలికి అతుక్కుంటోంది. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోనప్పుడు ఆ సిలిండర్ పీల్చే ఊపిరి కొంత సైలెన్సర్ వైపు నుంచీ వస్తుంది.

మూడు, వీధి చివర పంక్చర్ షాపు కంప్రెసర్. పాత ప్లగ్గులోంచి పింగాణీ తీసేసి, టైరు వాల్వు అతికించి సిద్ధం చేసుకున్నాను. బండిని వేడిగా అక్కడికే తీసుకెళ్లి, మూడో పిస్టన్‌ను కంప్రెషన్ పై అంచున నిలిపి, గేరులో ఉంచి, 30 పౌండ్ల గాలి పెట్టించాను. సైలెన్సర్‌లోంచి బుస్సుమని వచ్చింది. కార్బురేటర్ నోట్లో నిశ్శబ్దం, రేడియేటర్‌లో బుడగల్లేవు, అంటే గాలి కారేది ఎగ్జాస్ట్ వాల్వులోంచే. షాపు కుర్రవాడు కూడా గొట్టం దగ్గర చెవి పెట్టి విని నవ్వాడు.

వాల్వు కవరు తీస్తే మూడో ఎగ్జాస్ట్ ట్యాపెట్‌లో (వాల్వు కాడను నొక్కే చోట ఉండాల్సిన సందులో) 0.05 మి.మీ. ఫీలర్ రేకు కూడా దూరలేదు. చల్లటి ఇంజన్‌లోనే సందు లేదు. వేడికి వాల్వు కాడ సాగితే ఇక అది తాను ఆనుకునే అంచు, అంటే సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. ఐడిలింగ్‌లో పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కారిపోవడానికి వ్యవధి ఎక్కువ, వేగంలో తక్కువ. బండి లక్షణాలన్నీ ఇందులో ఇమిడిపోయాయి.

జూలై 20

సందు సరిచేస్తే వేడి కంప్రెషన్ 98కి లేచింది కానీ అక్కడే ఆగింది. అందుకే జూలై 6న హెడ్డు దింపాను. మూడో ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒకచోట గోటి వెడల్పున కాలిపోయి ఉంది, సీటు లోపలికి దిగింది. సీటు దిగితే వాల్వు కాడ అంత మేరా పైకి వచ్చి ట్యాపెట్ సందును మింగేస్తుంది. ఈ బండి పుట్టింది సీసం కలిపిన పెట్రోలు కాలంలో. ఆ సీసం సీటుకు మెత్తటి పూతలా కాపలా కాసేది. 2000లో దేశమంతటా అది ఆగిపోయింది. తర్వాతి పాతికేళ్లూ ఈ సీట్లు ఆ పూత లేకుండానే దెబ్బలు తిన్నాయి.

లేత్ షాపులో నాలుగు ఎగ్జాస్ట్ సీట్లూ మార్పించాను. మూడో వాల్వు కొత్తది. మిగతావి పేస్టు వేసి నేనే అరచేతుల మధ్య తిప్పుతూ ల్యాప్ చేశాను, చుట్టూ బూడిదరంగు గీత తెగకుండా వచ్చేదాకా. ఆ పని చేసిన రెండు సాయంత్రాలు ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, మూడు విడతల్లో బిగించాను.

వేడి మీద కొలత: 122, 123, 124, 122. వ్యాక్యూమ్ 16.5, ముల్లు కదలదు.

ఆగస్టు 17

మొన్న మొగిలి ఘాట్ దిగి నెల్లూరు వెళ్లాను, నిన్న అదే ఘాట్ ఎక్కి వచ్చాను. నెల్లూరులో ఇంటి ముందు ఇంజన్ ఆపబోతుంటే నాన్నగారు వద్దని చెయ్యి ఊపి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఇవాళ ఇంజన్ చల్లారాక ట్యాపెట్లన్నీ మళ్లీ కొలిచాను. మూడో ఎగ్జాస్ట్ సందు నేను పెట్టినచోటే ఉంది.