కౌంటీ మ్యాపుతో వాతావరణ పాఠం: ఆ రంగులు ఎక్కడినుంచి వచ్చాయి?

వాతావరణ మార్పు గురించి అమెరికా జనం ఏమనుకుంటున్నారు అంటే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాం. 2021 అంచనాల ప్రకారం భూమి వేడెక్కుతోందని నమ్మేవాళ్లు 72 శాతం. ఆ సగటులో శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది, వయోమింగ్‌లో బొగ్గు గనుల మీద బతికే క్యాంప్‌బెల్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కూడా ఉంది. ఈ తేడాలు పిల్లలకు చూపించడానికి యేల్ విశ్వవిద్యాలయం వారి వాతావరణ అభిప్రాయ మ్యాపులు చాలా బాగా పనికొస్తాయి. రాష్ట్రాలు, కాంగ్రెస్ నియోజకవర్గాలు, మూడు వేలకు పైగా కౌంటీలు, ప్రశ్నకో మ్యాపు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో చదివే మన పిల్లలు సొంత కౌంటీతోనే మొదలుపెట్టొచ్చు.

హైస్కూలు తరగతికి రెండు పీరియడ్లు కావాలి. మొదటి పీరియడ్‌లో మ్యాపు తెరవకూడదు. నాలుగు కౌంటీలు ఇవ్వండి: పిల్లల సొంత కౌంటీ, క్యాంప్‌బెల్, సముద్రం పక్కనున్న మయామీ-డేడ్, టెక్సస్‌లోని లవింగ్. నాలుగు ప్రశ్నలు ఇవ్వండి: భూమి వేడెక్కుతోందా, దానికి ప్రధాన కారణం మనుషులేనా, నాకు స్వయంగా హాని జరుగుతుందా, ఈ విషయం అప్పుడప్పుడైనా మాట్లాడుకుంటామా. పదహారు గళ్లలోనూ అంచనా శాతం పెన్నుతో రాయించాలి. పెన్సిల్ ఇస్తే మ్యాపు చూశాక దిద్దేస్తారు. తర్వాత మ్యాపు తెరిచి అసలు అంకెను పక్కన రాయించి, పది పాయింట్లకు మించి తప్పిన గళ్ల చుట్టూ సున్నా చుట్టించండి.

పిల్లలు సాధారణంగా ఊరికీ ఊరికీ మధ్య తేడాయే చూస్తారు. వాళ్లను ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య తేడా వైపు తిప్పాలి, పాఠంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. 2021 అంచనాల్లో దేశం మొత్తమ్మీద వేడెక్కుతోందనేవాళ్లు 72 శాతం, మనుషులే కారణమనేవాళ్లు 57, నాకు హాని అనేవాళ్లు 47, అప్పుడప్పుడైనా మాట్లాడుకునేవాళ్లు 35. అంటే నమ్మేవాళ్లలో కనీసం సగం మంది నోరు విప్పడం లేదు. సౌర, పవన విద్యుత్ పరిశోధనకు డబ్బు పెట్టాలా అన్న ప్రశ్న తెరిస్తే మాత్రం కారణాల దగ్గర విడిపోయిన కౌంటీలు కూడా దగ్గరికొస్తాయి. అమెరికాలో అత్యధిక పవన విద్యుత్ తీసే రాష్ట్రం టెక్సస్ అని ఆ సందర్భంలో చెప్పండి.

రెండో పీరియడ్ మొత్తం ఆ అంకెలు ఎలా పుట్టాయన్నదానికే. 2020 జనాభా లెక్కల్లో లవింగ్ కౌంటీ జనం 64 మంది. అక్కడ ఒక్కరినైనా సర్వేలో అడిగి ఉంటారా అన్నది అనుమానమే, అయినా మ్యాపులో దానికీ ఒక రంగు ఉంది. 2008 నుంచి జరుగుతున్న జాతీయ సర్వేల జవాబులను చదువు, జాతి, ఆడా మగా, ప్రాంతం వారీగా విడదీసి, ఏ కౌంటీలో ఎలాంటి జనం ఎంతమంది ఉన్నారో చూసి లెక్కగట్టిన అంచనా అది. కౌంటీ స్థాయిలో సుమారు 8 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. అందుకే పక్కపక్క కౌంటీల్లో 61, 66 కనిపిస్తే తేడా ఉందని రాయనివ్వకండి.

ఇక్కడే చురుకైన పిల్లలు కూడా పడిపోయే గొయ్యి ఒకటి ఉంది. అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ఈ మ్యాపు పక్కన పెట్టి, రెండూ ఎంత చక్కగా సరిపోయాయో చూడండని ప్రాజెక్టు తెస్తారు. కౌంటీల అంచనా కట్టే ఈ గణిత నమూనాలో కౌంటీ ఓట్ల వాటా కూడా ఒక ముడిసరుకు. లోపల వేసిందే బయటికి వస్తే అది కనుక్కున్నట్టు కాదు. రాజకీయాల ప్రభావం నిజంగానే పెద్దది, కానీ దాన్ని చూపాలంటే మనుషులను నేరుగా అడిగిన సర్వే జవాబులు తీసుకోవాలి. వరద వచ్చిన ఊళ్లో జనం మనసు మారిందా అన్న ప్రశ్నకూ ఈ మ్యాపు సరిపోదు. ఒక ఊరికే ప్రత్యేకమైన మార్పును ఇలాంటి నమూనా చదును చేసేస్తుంది.

మ్యాపులో విస్తీర్ణం కంటికి ఆనుతుంది, జనం ఆనరు. 2020 జనాభా లెక్కల్లో వయోమింగ్ రాష్ట్రమంతా కలిపి 5.77 లక్షల మంది, లాస్ ఏంజెలెస్ ఒక్క కౌంటీలోనే దాదాపు కోటి. ఈ రెండు అంకెలు బోర్డు మీద రాస్తే చాలు. కౌంటీలో 45 శాతం అని ఉంటే అక్కడివాళ్లంతా నమ్మరని రాసే వాక్యాన్ని మాత్రం ప్రతిసారీ దిద్దాలి. నూటికి నలభై అయిదుగురంటే క్యాంప్‌బెల్ లాంటి చోట వేల మంది.

ఇండియాతో పోల్చమని పిల్లలు అడుగుతారు. పోల్చనివ్వండి, ప్రశ్న ఎలా అడిగారో ముందు చదివించండి. 2021 అక్టోబరు నుంచి 2022 జనవరి వరకు 4,619 మందితో జరిగిన యేల్ సర్వేలో 54 శాతం మంది భూతాపం గురించి కొంచెమే తెలుసనో, అసలు వినలేదనో చెప్పారు. అదేమిటో క్లుప్తంగా వివరించి అడిగితే జరుగుతోందన్నవాళ్లు 84 శాతం. ఆ వివరణను తెలుగులో రెండు వాక్యాల్లో రాసి, అది చదివి వినిపించక ముందూ తర్వాతా ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రెండు జవాబులూ రాసుకు రమ్మనండి.